కొలబద్ద పట్టిన చేయి: మదనపల్లె క్షయ పరిశోధన కథ

ముంజేతి చర్మపు పొరల నడుమకు, మిల్లీలీటరులో పదవ వంతు ద్రవమును సన్నని సూదితో ఎక్కింపవలెను. సూది లోతుగా దిగినచో పరీక్ష చెడును. సరిగా దిగినచో అక్కడ శనగగింజంత పొక్కు లేచి, కొద్దిసేపటికి అణగిపోవును. మూడు దినముల తరువాత మరల అదే ఊరికి, అదే ఇంటికి పోయి, అదే మనిషిని వెదకి, ఆ చేతిని వెలుతురులో పట్టి చూడవలెను. ఎరుపును కొలువరాదు, వ్రేలితో తడిమి, గట్టిపడిన భాగపు అంచులను గుర్తించి, దాని అడ్డుకొలతను మాత్రమే మిల్లీమీటర్లలో తీసికొని కార్డుపై వ్రాయవలెను. ఇదియే ట్యుబర్క్యులిన్ పరీక్ష. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ మాంటూ 1908లో ప్రకటించిన ఈ పద్ధతి నేటికిని పెద్ద మార్పు లేక సాగుచున్నది.

చూచుటకు ఇది చిన్న పని. గొప్ప చదువు అక్కరలేదు. కాని దినమునకు వందల చేతులను కొలుచు మనిషిని తలచుకొనుడు. ఎండలో నడచి వచ్చినాడు. ఎదుటివాడు పొలమునకు పోవలెనని తొందరపడుచున్నాడు. అంచు 11 దగ్గర ఉన్నదో, 12 దగ్గర ఉన్నదో స్పష్టముగా తెలియుట లేదు. 10 అని వ్రాసినచో అడుగువాడు ఎవడు? మరునాటికి ఆ వాపు తగ్గిపోవును; తప్పు వ్రాసినట్లు నిరూపించుటకు సాక్ష్యమే మిగులదు. ప్రపంచమంతటను ఈ పరీక్ష లెక్కలను పరిశీలించిన గణాంక శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమును గమనించినారు. కార్డులపై 5, 10, 15 అను అంకెలు ఉండవలసిన దానికంటె ఎక్కువగా కనబడును. ప్రకృతికి గుండ్రని అంకెలమీద మక్కువ లేదు. ఆ మక్కువ అలసిన మనిషిది.

అందుచేత ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఎవరును చూడని చోట, ఎవరును పట్టుకొనలేని తప్పును చేయకుండ ఒక చిన్న ఉద్యోగిని ఆపునది ఏది? అతనిచే పని చేయించు పెద్ద అతనికి ఏమి ఇయ్యవలెను? ఈ ప్రశ్న కర్మాగారములలో పుట్టినదని చాలమంది అనుకొందురు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన గ్రంథము, పనిని ముక్కలుగా విడదీసి, గడియారముతో కొలిచి, ఎక్కువ చేసినవానికి ఎక్కువ కూలి ఇయ్యవలెనని బోధించినది. 1924లో షికాగో సమీపమున హాథార్న్ కర్మాగారములో మొదలైన ప్రయోగములు, దీపపు వెలుగును మార్చినప్పుడు పని ఎట్లు మారునో చూడబోయి, మనుషుల మనస్సును గురించి చర్చను లేవదీసినవి. ఆ చర్చ అంతయు వస్తువులను తయారుచేయు పనిని గురించినది. తయారైన వస్తువు బాగున్నదో లేదో పరీక్షించుటకు మరియొకడుండును. కాని కార్డుపై వ్రాసిన అంకెయే వస్తువైనప్పుడు గడియారము ఏమి చేయగలదు?

ఈ విషయమును తెలిసికొనుటకు తెలుగువారు షికాగో వరకు పోనక్కరలేదు. మదనపల్లె చాలును.

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, కొండల నడుమ నున్న ఊరు. గాలి పొడిగా ఉండును. వేసవి రాత్రులు దిగువ సీమలంత ఉక్కపోయవు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతము కడప జిల్లా నుండి దానిలో చేరినది. మరుసటి ఏడు, అనగా 1912లో, దక్షిణ దేశమునందలి పలు క్రైస్తవ మిషనులు కలిసి క్షయరోగులకొక ఆరోగ్యశాలను నెలకొల్పినవి. అందుచేతనే దానికి యూనియన్ మిషన్ ట్యుబర్క్యులోసిస్ శానిటోరియం అను పేరు వచ్చినది. డెన్మార్కు నుండి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి పెద్ద. 1915లో మదనపల్లె వెలుపల అది లాంఛనముగా ప్రారంభమైనది. ఆ స్థలమునకు ఆరోగ్యవరమను పేరు స్థిరపడినది. మందు లేని రోగమునకు కట్టిన ఆసుపత్రికి వరమని పేరుపెట్టుట సాహసమే.

నిజముగ అప్పుడు మందు లేదు. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న క్షయక్రిమిని ప్రకటించినాడు. రాంట్‌గెన్ 1895లో ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. రోగమునకు కారణము తెలిసినది. రొమ్ములోనికి తొంగి చూచుటకు వెలుగు దొరికినది. కాని క్రిమిని చంపు ఔషధము స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు రాలేదు. ఈ నడుమ అరువది యేండ్లపాటు వైద్యుని చేతిలోనున్నవి విశ్రాంతి, గాలి, ఆహారము, ఓపిక. కొందరికి రొమ్ములోనికి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతి కలిగించెడివారు. మిగిలినదంతయు మంచము, వరండా, పాలు, గ్రుడ్లు, ఉష్ణమాపక పటము.

ఇక్కడ ఒక విశేషమున్నది. సాధారణమైన ఆసుపత్రిలో వైద్యుడు చికిత్స చేయును; తక్కినవారు అతనికి సాయపడుదురు. మందులేని శానిటోరియంలో అట్టి భేదము నిలువదు. ఆహారమే చికిత్స అయినచోట వంటవాడు చికిత్స చేయువాడే. రోగి ఉమ్మిన కళ్ళెను మూతగల పాత్రలో పట్టి, నాశనము చేయు పారిశుధ్యపు పనివాడు ప్రక్క మంచముపైనున్న వానిని కాపాడుచున్నాడు. వరండాలో మంచములను గాలివాలున జరుపువాడు, ఉదయము సాయంకాలము జ్వరమును చూచి పటముపై చుక్కపెట్టు నర్సు, రోగిని మాట్లాడనీయక నిద్రపుచ్చు ఆయా, వీరందరి పనియు కూడినచో అది శానిటోరియపు చికిత్స అగును. ఒకరు తప్పినచో మిగిలినవారి శ్రమ వృథా అగును. ఏ పెద్దయైనను ఈ సంగతిని వంటవానికి విప్పి చెప్పినచో చాలును, వాని పనికి అర్థము కొత్తగా అంటగట్టనక్కరలేదు. అది ముందే ఉన్నది. చాల కార్యాలయములలో అర్థము లేక కాదు, దానిని చెప్పువారు లేక పని చప్పబడును.

అమెరికాలో ఏమీ రెజెస్‌నెవ్‌స్కీ, జేన్ డటన్ అను ఇద్దరు పండితులు 2001లో ప్రచురించిన వ్యాసమున ఒక ఆసుపత్రిలో ఊడ్చి తుడుచు పనివారి సంగతిని చెప్పినారు. ఒకే జీతము, ఒకే చీపురు. కొందరు తమ పనిని నేల శుభ్రము చేయుటగా మాత్రము ఎంచిరి. మరికొందరు రోగి స్వస్థతలో తమకును భాగమున్నదని ఎంచి, రోగులతో మాటలాడి, నర్సుల అవసరములను గమనించి పనిని అమర్చుకొనిరి. శానిటోరియంలో ఈ రెండవ దృష్టి భావనామాత్రము కాదు, జీవశాస్త్ర సత్యము.

రోగులకు సైతము పని మందుగా నిచ్చిన దేశములున్నవి. ఇంగ్లండులో ఫ్రిమ్లీ శానిటోరియమున మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు 1905 మొదలుకొని, కోలుకొనుచున్న రోగులచే మొదట కొలది దూరము నడిపించి, తరువాత చిన్న బుట్టలు మోయించి, క్రమముగ పారపని వరకు తెచ్చెడివాడు. కేంబ్రిడ్జి దగ్గర పాప్‌వర్త్ లో వారియర్ జోన్సు 1918 నుండి ఒక గ్రామమునే నిర్మించి, నయమైనవారికి వారి బలమునకు తగిన పనిని, కూలిని, ఇంటిని కల్పించినాడు. క్షయ తగ్గినవానికి పాత ఉద్యోగమున చోటు దొరకదు. దొరికినను ఆ శ్రమకు రోగము తిరుగబెట్టును. తాను ఇంకను దేనికో పనికివత్తునన్న నమ్మకము వానికి ఊపిరితిత్తులంత అవసరము.

అర్థమును గురించిన ఇట్టి మాటలలో ఒక ప్రమాదమున్నది. నీ పని పవిత్రమైనదని చెప్పి, జీతము తగ్గించు యజమానులు అన్ని కాలములందును ఉన్నారు. ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. క్షయ ఆసుపత్రులలో ఇది ప్రాణముతో ముడిపడిన విషయము. నార్వేలో ఓస్లో నగరపు ఉల్లెవాల్ ఆసుపత్రిలో యొహానెస్ హైంబెక్ అను వైద్యుడు 1924 నుండి నర్సు విద్యార్థినులను పరీక్షించినాడు. పనిలో చేరునప్పటికి ట్యుబర్క్యులిన్‌కు స్పందించని బాలికలు, అనగా అంతకు మునుపు క్రిమి సోకనివారు, ఆసుపత్రిలో క్రిమిని అంటించుకొని పెద్దసంఖ్యలో రోగగ్రస్తులగుట కనుగొన్నాడు. సేవ అను పేరుతో వారిని వార్డులోనికి పంపుచున్నది ఎవరు? హైంబెక్ ఉపన్యాసమిచ్చి ఊరకుండలేదు. లెక్క తీసినాడు, బి.సి.జి. టీకా వేయించినాడు. పనివాని ప్రాణమునకు పూచీపడని పెద్ద పని యొక్క మహిమను గురించి మాటలాడుట తగదు.

ఆరోగ్యవరమున పని జాగ్రత్తకు ఒక ఫలితము 1940లో కనబడినది. క్షయ అని పంపబడిన రోగులందరును క్షయరోగులు కారు. కొందరికి దగ్గు, ఆయాసము, జ్వరము ఉండును. ఎక్స్‌రే ఫలకముపై మచ్చలుండును. కాని కళ్ళెలో క్రిమి కానరాదు. రక్తపు చుక్కను గాజుపలకపై పరచి, రంగు వేసి, తెల్లకణములను లెక్కించినచో ఇయోసినోఫిల్ అను రకము కణములు విపరీతముగ ఉండును. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ తో కలిసి ఈ స్థితిని 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ లో వర్ణించినాడు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అను పేరు పెట్టినాడు. బోదకాలు పురుగు పిల్లలపై శరీరము చూపు తీవ్రమైన ప్రతిక్రియ దీనికి మూలమని, డైఇథైల్ కార్బమజీన్ తో ఇది కుదురునని తరువాత తేలినది. క్షయ కానివానిని నెలల తరబడి క్షయరోగుల నడుమ పరుండబెట్టుట ఎంత అన్యాయమో ఊహించవచ్చును. ఆ అన్యాయము తొలగుటకు కణములను ఒక్కొక్కటిగ లెక్కించు ఓపిక కావలసి వచ్చినది.

సూక్ష్మదర్శిని ముందు కూర్చుండువాని పని ఎట్టిదో విద్యార్థులు ప్రయోగశాలలో కొంత చవిచూచియే యుందురు. కళ్ళె పలకపై క్షయక్రిములు లేవని చెప్పుటకు కనీసము వంద దృశ్యక్షేత్రములను చూడవలెను. ఒక్కొక్క పలకకు ఐదు నుండి పది నిమిషములు పట్టును. దినమునకు ఇరువదికి మించి చూచినచో కన్ను మోసగించును. ఎక్కువ పలకలలో ఏమియు ఉండదు! లేనిదానిని వెదకుటలోనే దినము గడచును. నలుబది క్షేత్రములు చూచి లేదని వ్రాసివేయుటకు మనస్సు లాగును. మిగిలిన అరువదిలో ఒక ఎర్రని కడ్డీ ఉన్నచో, ఆ మనిషి ఇంటికి పోయి పిల్లలను ప్రక్కన పరుండబెట్టుకొనును.

1939లో భారత క్షయ నివారణ సంఘము ఏర్పడిన పిమ్మట ఫ్రిమోట్ మోలర్ సేవలు దేశమంతటికి అవసరమైనవి. ఆరోగ్యవరపు బాధ్యతను వహించిన పి.వి. బెంజమిన్ స్వాతంత్ర్యము వచ్చిన తరువాత భారత ప్రభుత్వమునకు క్షయ వ్యవహారములలో సలహాదారు అయినాడు. ఒక కొండవాలునందలి ఆసుపత్రిలో నేర్చినది ఢిల్లీ వరకు పోయినదన్నమాట.

అయితే శానిటోరియపు గోడల లోపల ఎంత చక్కగ పనిచేసినను, గోడల వెలుపల రోగమెంత ఉన్నదో తెలియదు. పల్లెలలో క్షయ తక్కువ, అది పట్టణపు జబ్బు అని చాలమంది నమ్మెడివారు. క్రిస్టియన్ మోలర్ కుమారుడు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున 1950లో మదనపల్లె పట్టణమునందును చుట్టుప్రక్కల పల్లెలయందును జనులందరిని పరీక్షించు పని మొదలైనది. ఇంటింటికి పోయి పేర్లు వ్రాయుట, ట్యుబర్క్యులిన్ వేయుట, మూడవనాడు కొలుచుట, ఎక్స్‌రే తీయుట, అనుమానమున్నవారి కళ్ళెను పరీక్షించుట, కొన్నాళ్ళకు మరల అదే ఇంటికి పోవుట ఇందలి అంగములు. 1955 వరకు జరిగినదాని నివేదిక ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1960లో వంద పుటలకు పైగా వెలువడినది. 1955–58 నడుమ భారత వైద్య పరిశోధన మండలి జరిపిన దేశవ్యాప్త సర్వేలో పల్లెలలోను పట్టణములతో సమానముగనే క్షయ ఉన్నట్లు తేలినది. పట్టణపు జబ్బు అను మాట అంతటితో పోయినది.

మొదట చెప్పిన కొలబద్ద కథ ఇక్కడిదే. మదనపల్లె పరిశోధనలో బి.సి.జి. టీకా పరీక్ష కూడ ఒక భాగము. టీకా పనిచేయునో లేదో తెలియవలెనన్నచో, ట్యుబర్క్యులిన్‌కు స్పందించని వారిలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఏండ్ల తరబడి ఇరువర్గములను కనిపెట్టి చూడవలెను. ఎవరికి వేయవలెనన్నది ఇష్టానుసారము కాక వంతు ప్రకారము జరిగినది. వినుటకు సులభము. ఆ వంతు ముందు నిలుచున్న ఉద్యోగి సంకటమును ఊహింపుడు. ఎదుట బక్కచిక్కిన పిల్లవాడున్నాడు. వాని వంతు టీకా లేని వంతు. జాలిపడి వంతు మార్చినచో ఏమగును? బలహీనులందరు టీకా వర్గములో చేరుదురు, బలవంతులు రెండవ వర్గములో మిగులుదురు, టీకా మంచిదైనను చెడ్డదిగా కనబడును. జాలి వలన లెక్క చెడి, ఆ చెడిన లెక్క వలన వేలమంది పిల్లలు నష్టపోవుదురు. వంతు మార్చరాదను ఆజ్ఞ ఒక్కటే ఇచ్చినచో, జాలిగల ఉద్యోగి దానిని చాటుగా మీరును. కారణమును గ్రహించినవాడు మీరడు. బాధపడును, కాని మీరడు. నియంత్రణ వర్గము అను మాటను పాఠ్యపుస్తకమున రెండు పంక్తులలో నేర్పుదురు. దానిని పాటించుట ఎంత కష్టమో ఆ పుస్తకములు చెప్పవు. ఈ పద్ధతికంటె చీట్లు వేసి పంచుట ఇంకను మేలని గణాంకజ్ఞులందురు. ఏలయన రాబోవు వంతు ఏదో ఉద్యోగికి ముందుగా తెలియకుండును.

పల్లెలలో ప్రశ్నలు వేరు. సూది పొడిచితిరి, రక్తము తీసితిరి, మందేదప్పా అని రైతు అడుగును. అతనిది న్యాయమైన ప్రశ్న. బి.సి.జి.ని గురించి దేశమున వాదము కూడ చెలరేగినది. గిండీలో టీకా తయారీ, మొదటి టీకాలు 1948 నాటివి. 1951లో సామూహిక ఉద్యమము మొదలైనది. 1955లో రాజాజీ అంతటివాడు బహిరంగముగ దానిని వ్యతిరేకించినాడు. గడపలో నిలిచి సమాధానము చెప్పవలసినవాడు శాస్త్రజ్ఞుడు కాదు, సూది పట్టిన చిన్న ఉద్యోగి. తనకే తెలియని ప్రయోజనమును అతడు ఇతరులకెట్లు చెప్పగలడు?

ఇంత శ్రమకు ఫలితమేమి? 1964లో ఒక నివేదిక, 1973లో నాల్గవ నివేదిక వెలువడినవి. తరువాతి పండితులు 1973 లెక్కలను ఇట్లు సంగ్రహించినారు: టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చినది. అనగా వేయికి సుమారు 6.5, 8.1. టీకా వలన ఐదవ వంతు తగ్గినట్లు కనబడును, కాని ఈ సంఖ్యలలో ఆ భేదము యాదృచ్ఛికముగ కూడ రావచ్చును. చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఇంతకంటె చాల పెద్ద పరీక్ష మొదలైనది. 1979లో తొలి ఫలితములు వచ్చునప్పటికి పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. అక్కడ ఆపుట లేదని తేలి ప్రపంచము నివ్వెరపోయినది. ఇంగ్లండులో బాగుగ పనిచేసిన టీకా ఇక్కడ పనిచేయకపోవుటకు, ఈ నేలలో నీటిలో ఉండు ఇతర మైకోబాక్టీరియములు ముందే శరీరమునకు పరిచయమగుట కారణమని కొందరందురు. పసిపిల్లలకు మెదడుపొర క్షయ వంటి ఘోర రూపములనుండి బి.సి.జి. రక్షణ కల్పించుననుటలో వివాదము లేదు. అందుకే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు.

ఇరువదియేండ్లు ఊరూర తిరిగి సేకరించిన లెక్క, ఆశించిన సమాధానమును ఇయ్యలేదు. ఆ పని వ్యర్థమా? విజయమే పనికి అర్థమని నేర్పిన పెద్ద క్రింద పనిచేసినవానికి అది వ్యర్థముగనే తోచును. నిజమును కనుగొనుటయే పని అని నేర్చినవానికి తోచదు. రెండు అంకెలలో భేదము లేదని నమ్మకముతో చెప్పుటకు, ఆ రెండు అంకెలును సరియైనవై ఉండవలెను.

దీనికంటె పెద్ద దెబ్బ శానిటోరియములకు మద్రాసు నుండి తగిలినది. 1956లో అక్కడ క్షయ రసాయన చికిత్సా కేంద్రము స్థాపింపబడినది. ఐసోనియాజిడ్, పాస్ అను మందులను కొందరు రోగులకు శానిటోరియంలో, కొందరికి ఇంటివద్దనే ఒక సంవత్సరము ఇచ్చి పోల్చినారు. ఇరుకిండ్లలో, చాలని తిండితో, పని మానక ఉన్నవారికి కూడ మందులు తీసికొన్నచో దాదాపు సమానముగ గుణము కలిగినదని, ఇంటివారికి అదనపు ముప్పు లేదని 1959లో ప్రకటించినారు. ప్రపంచమంతట క్షయ చికిత్స ఈ ఫలితముతో మారినది. వరండా, గాలి, విశ్రాంతి, పాలు, వీటిచుట్టు కట్టుకొన్న జీవితములకు ఇది ఎట్లుండును? పేదరోగికి ఇది వరము. శానిటోరియపు ఉద్యోగికి తన పనికి చీటి చినిగినట్లు. పనికి అర్థము కట్టడమునందున్నదని అనుకొన్నవాడు కట్టడమును కాపాడుటకు నిజముతో పోరాడును. ఆరోగ్యవరము అట్లు కాక, క్రమముగ సాధారణ రోగములకును తలుపు తెరచి, ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అను పేరున నిలిచినది. అనేక దేశములలో ఎన్నో శానిటోరియములు మూతబడినవి.

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా పలమనేరు దారిలో పోవునప్పుడు మరియొక ఓపికగల పని తగులును. పుంగనూరు జాతి ఆవు మనిషి నడుమునకు మించని ఎత్తుగలది; పాలలో వెన్న శాతము మెండు. జాతి అంతరించు స్థితికి వచ్చినప్పుడు దానిని నిలుపు పని పలమనేరు పశు పరిశోధనా స్థానమున సాగినది. ఏ దూడ ఏ ఆవునకు ఏ ఆబోతునకు పుట్టినదో తప్పులేక వ్రాయుట ఆ పనికి ప్రాణము. వంశావళి పుస్తకములో నేడు చేసిన పొరపాటు మూడు తరముల దూడల తరువాత బయటపడవచ్చును, పడకపోవచ్చును.

బడిపంతుళ్ళకు ఇంకను దగ్గరి ఉదాహరణము మదనపల్లె ప్రక్కనే కలదు. ఈ ఊరిలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన ఋషివ్యాలీ విద్యాలయము వారి గ్రామీణ విద్యాకేంద్రము, 1980లలో చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులను నడుపనారంభించినది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యమున పాఠములను కార్డులుగ విడగొట్టి, పిల్లలు నిచ్చెనమెట్లవలె తమ వేగమున ఎక్కు పద్ధతి ఏర్పడినది. స్థానికుల కథలు, మాటలు ఆ కార్డులలో చేరినవి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు వచ్చి చూచి పోయి, తమ పిల్లలకు తగినట్లు తామే కన్నడములో కార్డులు వ్రాసికొనిరి. నలికలి అను పేరున అది ప్రసిద్ధికెక్కినది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడులలో మొదలుపెట్టి, కొన్ని ఏండ్లలోనే రాష్ట్రమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికి ఈ పద్ధతిని విస్తరించినది. విస్తరించుట మంచిదే. కాని తాను వ్రాసిన కార్డును ఉపాధ్యాయుడు చూచుకొను తీరు వేరు. పెట్టెలో వచ్చిన కార్డును చూచు తీరు వేరు. హెగ్గడదేవనకోటవారు తీసికొనిపోయినది కార్డులను కాదు, వ్రాయవచ్చునను ధైర్యమును. ఉత్తరువుతో పాటు ఆ ధైర్యమును పంపు మార్గమును ఏ విద్యాశాఖయు ఇంకను కనుగొనలేదు.

కుప్పము దగ్గర గుడుపల్లెలో అగస్త్య అంతర్జాతీయ ఫౌండేషన్ 172 ఎకరముల ఆవరణలో విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలను నడుపుచున్నది. బ్యాంకు ఉద్యోగము వదలివచ్చిన రాంజీ రాఘవన్ 1999లో దీనిని స్థాపించినాడు. తక్కువ ఖర్చుతో చేసిన నమూనాలను బండ్లలో ఎక్కించి, ప్రయోగశాల లేని బడులకు బోధకులు తీసికొనిపోవుదురు. ఇక్కడి ప్రత్యేకత ఏమనగా, బోధకుని పని ఫలితము వెంటనే ఎదుట కనబడును. కటకముతో గోడమీద కిటికీ బొమ్మ తలక్రిందులుగ పడినప్పుడు పిల్లవాడు వేయు కేక బోధకునికి ఆనాటి కూలిలో ఒక భాగము. ఆ పిల్లలే కొందరు తోటివారికి ప్రయోగములు చేసి చూపుదురు.

కొలబద్ద పట్టినవానికి అట్టి కేక వినబడదు. అతని కార్డు ఫలితము ఇరువదియేండ్లకు, ఎక్కడనో, ఎవరికో. ఆ దూరమును తగ్గించుట పెద్ద చేయవలసిన పని. అమెరికాలో ఆడం గ్రాంట్, అతని సహచరులు 2007లో ప్రచురించిన ప్రయోగము ఒకటి ఉన్నది. ఒక విశ్వవిద్యాలయమునకు టెలిఫోనుపై విరాళములడుగు ఉద్యోగులలో కొందరికి, ఆ విరాళముతో చదివిన విద్యార్థితో ఐదు నిమిషములు మాత్రము ముచ్చటించు అవకాశము కల్పించినారు. నెల తరువాత చూడగా వారు ఫోనుపై గడిపిన కాలము 142 శాతము, తెచ్చిన ధనము 171 శాతము పెరిగియుండెను. జీతము మారలేదు, యజమాని మారలేదు. వారు ఒక ముఖమును చూచినారు. శానిటోరియపు వంటవాడు ఆ ముఖమును దినమునకు మూడు పూటలు చూచెడివాడు. గణాంకముల గదిలో కార్డులను కూడువానికి చూపువారుండవలెను.

బి.సి.జి. ప్రశ్న ఇంకను ముగియలేదు. 2024లో భారతదేశమున పలు రాష్ట్రములలో, క్షయ సోకుటకు ఎక్కువ అవకాశమున్న పెద్దలకు మరల ఆ టీకా వేసి ఫలితము చూచు కార్యక్రమము ఆరంభమైనది. కొన్ని జిల్లాలలో వేసి, కొన్నిటిలో వేయక పోల్చుట దాని పద్ధతి. మదనపల్లె పల్లెలలో డెబ్బదియేండ్ల క్రిందట నడచినట్లే, ఆరోగ్య కార్యకర్తలు చేత జాబితా పట్టుకొని ఇంటింటికి పోయి, వయస్సు అడిగి, పేరు వ్రాసికొనినారు.